హుడీ రక్షతి రక్షితః

మార్చిలో బోస్టన్ చార్లెస్ నది మీద కాలేజీ తెరచాప పడవల పోటీలు మొదలవుతాయి. మంచు కరిగి ఎన్నాళ్ళో కాదు. నీళ్ళు 4 డిగ్రీలు. గాలి 20 నాట్లు, అంటే గంటకు 37 కిలోమీటర్లు. ఒడ్డున భవనాల సందుల్లోంచి దూరి వచ్చే ఆ గాలికి ఒక దిక్కంటూ ఉండదు, బంధువుల సలహాల్లా ఎటునుంచైనా తగులుతుంది. ఇంత ఘోరానికి ఎదురెళ్ళే మన వీరుడి కవచం ఏమిటయ్యా అంటే, గుండె మీద కాలేజీ పేరు అచ్చేసిన కాటన్ హుడీ.

నీళ్ళు లోపలికి రానివ్వని డ్రైసూట్ లేక కాదు. హుడీ మీద దాన్నీ తొడుగుతాడు. కానీ హుడీ టోపీ లోపలే ఉండిపోతే అందం ఏం కావాలి? అందుకని మెడ దగ్గరి లేటెక్స్ పట్టీని సాగదీసి, ఆ సందులోంచి టోపీని బయటికి లాగి, వీపు మీద ముచ్చటగా పరుచుకుంటాడు. ఆ పట్టీ ఒంటికి అతుక్కుంటేనే నీళ్ళు ఆగేది. మధ్యలో గుడ్డ దూరిందా, ఇక అది దీపపు వత్తే. వత్తి నూనెను పైకి లాగుతుంది, హుడీ చార్లెస్ నదిని కిందికి లాగుతుంది. వందల డాలర్ల సూటు కాస్తా కుండ అవుతుంది.

ఇక చూడండి వైభవం. నాలుగు మీటర్ల ఫ్లయింగ్ జూనియర్ పడవ, అందులో ఇద్దరు. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద తోపు నాలుగింతలు. పైగా 4 డిగ్రీల గాలి 30 డిగ్రీల గాలికంటే సుమారు 9 శాతం బరువు. ఇలాంటి గాలిలో జైబ్ చెయ్యాలంటే, అంటే వెనకగాలిలో తెరచాపను ఒక పక్కనుంచి ఇంకో పక్కకి మార్చాలంటే, పడవ జోరుగా జారుతున్నప్పుడే చెయ్యాలి, అప్పుడే తెరచాప మీద బరువు తగ్గుతుంది. మనవాడు భయపడి, వేగం తగ్గాక తిప్పుతాడు. తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర, బూమ్, విసురుగా అటు పడుతుంది, పడవ ఇటు పడుతుంది, చూస్తుండగానే పూర్తిగా తలకిందులై తెరచాప స్తంభం కొన బురదలో దిగుతుంది. ఇప్పుడు తెరచాప తాడు వదిలి, పడవ అడుగునుంచి పొడుచుకొచ్చే పలక, సెంటర్‌బోర్డు, మీద నిలబడి, పడవ ముక్కు గాలికేసి తిప్పి, వెనక్కి వాలి లేపాలి. నిలబడితే కదా! హుడీ తాగిన నీళ్ళన్నీ సూటు కాళ్ళలోకి దిగి తొడలదాకా నిండాయి. బోర్డు మీదికి ఒక కాలు పెడతాడు, రెండోది నది వదలదు. ఒంటి మీది బట్టలు 8 కిలోలు దాటకూడదని పోటీ నియమం. ఈ హుడీని మూడో సభ్యుడిగా నమోదు చేస్తే ఆ చిక్కూ ఉండదని నా మనవి.

ఒడ్డున వేడి కాఫీ పట్టుకున్న పెద్దమనుషులు ఒకటంటారు: "చలికి ఓర్చుకుంటేనే గట్టిపడతారు." ఏం గట్టిపడతారండీ? అంత చల్లని నీళ్ళలో పడ్డవాడికి మొదటి నిమిషం ఊపిరి వశంలో ఉండదు, ఆ ఎగశ్వాసలో నోట్లోకి నీళ్ళు వెళ్తే అక్కడికక్కడే అయిపోవచ్చు. తర్వాత పది నిమిషాల్లో వేళ్ళు కొయ్యలవుతాయి, తాడు పట్టదు, బకిల్ ఊడదు. చలికి స్పృహ తప్పడానికి ఇంకా గంట పడుతుంది గానీ, లైఫ్‌జాకెట్ లేనివాడు అందాకా ఉండడు. దీన్ని ఓర్పు అంటారా? ఏటా కొత్త తెరచాపలకు డబ్బుంటుంది. చిరిగిన మెడ పట్టీ మార్చడానికి మాత్రం ఉండదు, దాని మీద టేపు అంటించి పిల్లాణ్ణి నీళ్ళలోకి దింపుతారు. సిగ్గుండాలి.

చెయ్యాల్సింది చిన్న పనే. లోపల ఉన్ని, లేదా పాలిస్టర్ ఫ్లీస్. జిప్పు చివరి పన్ను దాకా మూయాలి. మెడ పట్టీలో వేలు పెట్టి గొంతుకూర్చుని లోపలి గాలి వదలాలి. పట్టీ బిగుతైతే కత్తెర తియ్యకండి, రాత్రంతా ఒక గిన్నెకు ఎక్కించి ఉంచండి. కాటన్ మీద మోజు తీరకపోతే జులైలో మన హుస్సేన్ సాగర్‌కి తెచ్చుకోండి, అక్కడ తడిసినా బతుకుతారు.

సేఫ్టీ బోటు మనవాణ్ణి ఒడ్డుకు చేర్చింది. పళ్ళు టకటకలాడుతున్నాయి. ఎ డివిజన్, అంటే కాలేజీ మొదటి జంట, రేసులు అయ్యాయి. బి డివిజన్, అంటే రెండో జంట, అదే పడవ ఎక్కాలి. బల్లకట్టు మీద నడిచి వస్తున్నాడు రెండో వీరుడు, మెడ పట్టీలోంచి టోపీ బయటికి లాక్కుంటూ.