నా పేరు చెప్పు, తగ్గిస్తాడు

దేశం ఆర్థికంగా ఎట్టా ఎదగాలో ఆలోచించే బాధ్యత ఎవురో ఒకరు తీసుకోవాలి గదా, నెల్లూరు వేదాయపాళెంలో రెండు గదుల పోర్షన్లో కూర్చోని ఆ బాధ్యత నేను తీసుకున్నా. పోయిన సంక్రాంతి నుంచి నేను అఫిలియేట్ మార్కెటర్ని. అంటే ఏందిరా అని మా అత్త అడిగితే వివరంగా చెప్పా, అత్తా, నేను బ్లాగులో వంటల గురించి రాస్తా, కింద ఒక లింకు పెడతా, చదివినోళ్లు ఆ లింకు నొక్కి పొయ్యి ఆన్‌లైన్లో ఏదన్నా కొంటే కంపెనీ నాకు కమీషన్ ఇస్తాది, కొన్నోళ్లకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పడదు అని. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తా అంతా విని, "బ్రోకరు పని" అనింది. నేను మూడు వీడియోలు చూసి అర్థం చేసుకున్నదాన్ని ఈమె రెండు మాటల్లో తేల్చేసింది, అందుకే మన దగ్గర స్టార్టప్పులు నిలబడవు.

చరిత్రలో అయితే దీన్ని అమెరికావోళ్లు కనిపెట్టారని ఉంటాది. 1989లో విలియం టోబిన్ అనే ఆయన ఆన్‌లైన్లో పూలు అమ్ముకుంటా ఈ కమీషన్ పద్ధతి మొదలుపెట్టాడంట, దానికి పేటెంటు కూడా తీసుకున్నాడు, 1996లో అమెజాన్‌వోళ్ల కమీషన్ పథకం అమెజాన్ అసోసియేట్స్ వచ్చినాక లోకమంతా పాకింది. దీనిమీద నెల్లూరు జిల్లా తరఫున నా అభ్యంతరం నమోదు చేసుకోవాల. చిన్నబజారులో చీరె కొనాలన్నా, స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం మూట కొనాలన్నా, ఆఖరికి పన్ను పీకించుకోవాలన్నా, "నా పేరు చెప్పు, తగ్గిస్తాడు" అని పంపియ్యని మనిషి ఈ ఊళ్లో ఉంటే చూపియ్యండి. దాన్నే వాళ్లు ట్రాకింగ్ ఐడీ అన్నారు, అంటే గిరాకీని ఎవురు పంపించారో చెప్పే గుర్తు, అంతే. తేడా ఏందంటే మన దగ్గర చెప్పినోడికి కమీషన్ రాదు, కొన్నోడికి తగ్గదు, ఆ పేరు ఎవురిదో షాపాయనకి తెలియదు. అయినా సిస్టమ్ నడస్తానే ఉండాది.

ఇంక కుకీ సంగతి. లింకు నొక్కినోళ్ల బ్రౌజరులో మన గుర్తు ఒకటి అతుక్కుంటాది, దాని పేరు కుకీ. అమెజాన్‌లో అయితే దాని ఆయుష్షు 24 గంటలు, ఈలోపల కొనాల, లేకపోతే కనీసం కార్టులో వేసుకోవాల, ఆ తర్వాత కొంటే మనం ఎవురో వాళ్లెవురో. 24 గంటలంట! మొహర్రంలో స్వర్ణాల చెరువు కాడికి రండి చూపిస్తా. బారాషహీద్ దర్గా రొట్టెల పండగలో నీళ్లలో దిగి రొట్టె తీసుకున్నోడు, కోరిక తీరితే మళ్లా వచ్చి ఇంకోడికి రొట్టె ఇస్తాడు, ఏడాది గడిచినా మర్చిపోడు. అది గదా కుకీ అంటే. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, అన్నీ దొరుకుతాయి ఆడ, అఫిలియేట్ రొట్టె ఉందా అని ఒకామెను అడిగితే నన్ను ఎగాదిగా చూసి ఆరోగ్యం రొట్టె చేతిలో పెట్టింది. పెళ్లిళ్ల మధ్యవర్తి కుకీ ఇంకా గట్టిది, ముప్పై ఏళ్లయినా మొగుడూ పెళ్లాం పోట్లాడుకున్నప్పుడల్లా ఆయన పేరు వస్తానే ఉంటాది.

నా పతనం మటుకు చేపల పులుసుతో మొదలైంది. నెల్లూరు చేపల పులుసు గురించి బాగా రాశా, పచ్చిమామిడికాయ ఎప్పుడెయ్యాల, చింతపండు ఎంత, అంతా నిజమే రాశా. కింద నాన్‌స్టిక్ పాన్ లింకు పెట్టా. మట్టి దాకకి లింకు దొరికింది గానీ కమీషన్ లెక్కేస్తే పాన్‌కి ఎక్కువ పడతా ఉండాది, నేనూ మనిషినే గదా. ఆ రాత్రి మా పిన్నమ్మ ఫోన్ చేసి, మీ నాయనమ్మ ఉంటే ఈ పొద్దు అన్నం తినేది కాదురా అనింది, ఇంకేమీ అనలా, పెట్టేసింది. దీంట్లో ఇంకో సాంకేతిక సమస్య కూడా ఉండాది, దీన్ని ఏ కోర్సులోనూ చెప్పరు. చేపల పులుసు రెండోరోజుకి గదా రుచొచ్చేది. మనిషి చదివి, వండి, మర్నాడు తిని, ఆహా అనుకోని పాన్ కొందామని లేచే టయానికి కుకీ పాచిపొయ్యుంటాది.

మొత్తం ఏడు నెలలకి నాకు పడింది 143 రూపాయలు. దాంట్లో పెద్ద మొత్తం ఎలకబోనుది. నేనెప్పుడూ ఎలకబోను గురించి రాయలా. ఎవురో పుణ్యాత్ముడు పాన్ లింకు నొక్కి లోపలికి పొయ్యి, పాన్ వదిలేసి, అది కొనుక్కున్నాడు, ఆ గడువులో ఏం కొన్నా మనకే లెక్క. మా ఇంట్లోవాళ్లతో కొనిపిస్తే సరిపొయ్యేది అనుకుంటారేమో, నేను చేరిన దాంట్లో (పేరెందుకులే) చుట్టాలు కొంటే లెక్కలోకి రాదు. నెల్లూరులో చుట్టం కానోడు నా వంటలు ఎందుకు చదవతాడో ఆ కంపెనీ ఒకసారి ఆలోచించాల్సింది.

పైగా చట్టం. డబ్బులు తీసుకోని సరుకుని మెచ్చుకుంటే ఆ సంగతి కనపడేటట్టు చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టిస్తే 10 లక్షల దాకా జరిమానా, మళ్లా చేస్తే 50 లక్షల దాకా. రాబడి 143, రిస్కు 50 లక్షలు, ఇంత ధైర్యం రొయ్యల చెరువు వేసినోడికి కూడా ఉండదు. చట్టం మంచిదే, దాన్ని మధ్యవర్తులకి కూడా పెట్టండి, "పిల్లోడు బంగారం (ఈ మాటకి నాకు రెండువైపులా కమీషన్ ఉంది)" అని చెప్పి మాట్లాడమనండి చూద్దాం.

పోయిన వారం కావలి నుంచి మా మామ ఫోన్ చేశాడు, మిక్సీ కొనాల, నువ్వు అయ్యేయో రాస్తావంట గదా, మంచిది చెప్పు అని. నలభై నిమిషాలు చెప్పా. జార్లు ఎన్ని, వారంటీ ఎంత, చట్నీ జారు మూత ఊడతాదా, ఇడ్లీ పిండికి మోటారు కాలతాదా, అన్నీ చెప్పి, చుట్టమైనా అలవాటు కొద్దీ లింకు పంపించా. ఆయన ఆ లింకులో మోడల్ నంబరు చూసి కాయితం మీద రాసుకోని, నెల్లూరొచ్చి ట్రంకురోడ్డులో ఒక షాపుకి పొయ్యి కొనేశాడు. నా పేరు కూడా చెప్పాడంట. ఎట్టా తెలిసిందంటే సాయంత్రం ఆ షాపాయన నాకే ఫోన్ చేశాడు.

"సార్, మీ మామగారు మీ పేరు చెప్పి మిక్సీ తీసకపోయినారు. మిగతా 1,500 మీరిస్తారన్నారు, ఈడికొస్తారా, మా పిల్లోడిని పంపియ్యమంటారా?"