నెబ్యులైజర్‌లో యాంటీబయాటిక్ పోస్తే ఇంజెక్షన్ అక్కర్లేదా?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఆసుపత్రిలో సోకే న్యుమోనియాకు ఇంజెక్షన్లు దండగ. అదే యాంటీబయాటిక్‌ను నెబ్యులైజర్‌లో పోసి పీలిస్తే నేరుగా ఊపిరితిత్తులకే వెళ్తుంది. కిడ్నీలకు ఏమీ కాదు. ఫ్రాన్స్‌లో రుజువైంది. బిల్లు తగ్గిపోతుందని ఆసుపత్రులు దాస్తున్నాయి." ఇదీ దాని సారాంశం.

"నేరుగా వెళ్తుంది" అన్నది సగం నిజం. అమికాసిన్, కొలిస్టిన్ లాంటి యాంటీబయాటిక్‌లను నరానికి ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి తక్కువే చేరతాయి. పీలిస్తే కఫంలో వాటి మోతాదు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇక్కడిదాకా పేచీ లేదు. కానీ పీల్చిన మందు గాలి ఆడే చోటికే పోతుంది. న్యుమోనియా ముదిరిన భాగం చీముతో నిండి గట్టిపడి ఉంటుంది, అక్కడ గాలి ఆడదు. కాలువ చివరి పొలానికి నీళ్లందనట్టు, అవసరం ఎక్కువున్న చోటికే మందు తక్కువ చేరుతుంది. క్రిములు రక్తంలోకి పాకితే పీల్చిన మందుతో పని జరగదు.

మరి కఫంలో మందు పెరిగితే ప్రాణాలు నిలుస్తాయా? దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించిన ఇన్‌హేల్ ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. వెంటిలేటర్ మీదున్న న్యుమోనియా రోగులందరికీ ఇంజెక్షన్లు ఇస్తూనే, సగం మందికి అమికాసిన్, సగం మందికి మందు లేని ద్రవం పీల్పించారు. బతికినవారు అమికాసిన్ వైపు 75 శాతం, మందు లేని వైపు 77 శాతం. ఇంజెక్షన్‌కు తోడుగా ఇచ్చినా ఇదీ పరిస్థితి. ఇంజెక్షన్ మానేసి చూసే సాహసం ఆ ట్రయల్‌లో ఎవరూ చేయలేదు!

ఫ్రాన్స్ అధ్యయనం నిజమే, 2023లో వచ్చింది. అయితే అది చికిత్స గురించి కాదు, నివారణ గురించి. కనీసం మూడు రోజులుగా వెంటిలేటర్ మీదున్నవారికి మరో మూడు రోజులు అమికాసిన్ పీల్పిస్తే, న్యుమోనియా 22 శాతం నుంచి 15 శాతానికి తగ్గింది. మంచి ఫలితమే. న్యుమోనియా వచ్చేశాక ఏం చేయాలో అది చెప్పదు.

"కిడ్నీలకు ఏమీ కాదు" అనేది ప్రమాదకరమైన మాట. రక్తంలోకి తక్కువే చేరుతుంది, నిజమే. కిడ్నీలు ముందే దెబ్బతిని ఉంటే ఆ కొంచెమే పేరుకుపోవచ్చు. శ్వాసనాళాలు బిగుసుకుపోవచ్చు, వెంటిలేటర్ ఫిల్టర్ పూడుకుపోవచ్చు. ఇంట్లో ఆస్తమా మెషీన్‌లో ఇంజెక్షన్ వయల్ పోసే ఆలోచన మాత్రం అసలు వద్దు. ముందే కలిపి ఉంచిన కొలిస్టిన్ ద్రవం పీల్చిన ఒక రోగి మరణించాక, 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. కలిపి నిల్వ ఉంచితే ఆ మందు ఊపిరితిత్తులకు హాని చేసే రూపంలోకి మారుతుంది.

ఇక దాచడం సంగతి. వేరే మందులకు లొంగని క్రిములకు, ఇంజెక్షన్‌తో పాటు పీల్చే మందూ ఇవ్వవచ్చని 2016 అమెరికా మార్గదర్శకాల్లోనే ఉంది. మన ఐసీయూల్లోనూ కొలిస్టిన్ నెబ్యులైజేషన్ కొత్త కాదు. మీవాళ్లు ఐసీయూలో ఉంటే డాక్టర్‌ను అడగాల్సింది వేరే ఉంది: కల్చర్ రిపోర్టులో (కఫం లాంటి నమూనాలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) ఏ క్రిమి వచ్చింది, అది ఏ మందుకు లొంగుతోంది?