కరెంటు పనికి వచ్చేవారిని పర్మిట్ అడుగుదాం

వానాకాలం వచ్చిందంటే జిల్లా పేజీల్లో ఒకే రకం వార్త పదే పదే కనిపిస్తుంది. ఇనుప తీగ దండెం మీద బట్టలు ఆరేస్తుండగా విద్యుదాఘాతంతో ఇల్లాలు మరణించడం, ఆమెను కాపాడబోయిన భర్తో, కొడుకో కూడా ప్రాణాలు కోల్పోవడం. ఇలాంటి వార్తల్లో తరచుగా 'ప్రమాదవశాత్తు' అనే మాట ఉంటుంది. ఆ మాటను నేను ఒప్పుకోలేను. ఇంట్లోంచి బాత్‌రూమ్ లైటుకో, మోటారుకో లాగిన వైరు తొడుగు చిరిగి దండేనికో, రేకుల షెడ్డుకో తగిలినప్పుడు, రెప్పపాటులో సరఫరాను ఆపేసే పరికరం బజారులో ఏళ్ల తరబడి దొరుకుతూనే ఉంది. దాన్ని పెట్టించుకోవాలని ఆ ఇంటివారికి చెప్పగలిగిన పనివారు ఒక్కసారైనా ఆ గడప తొక్కకపోవడమే చాలా మరణాలకు కారణమని నా అభిప్రాయం. స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరు తెగి తగిలితే మాత్రం ఇంట్లోని పరికరం కాపాడలేదు. ఆ వైరు దండేనికీ, రేకులకూ దూరంగా ఉండేలా విద్యుత్ పంపిణీ సంస్థ చేత సరిచేయించుకోవాలి.

ఆ పరికరం పేరు ఆర్‌సీసీబీ. ఫేజులో, అంటే కరెంటు తెచ్చే వైరులో వెళ్లిన కరెంటూ, న్యూట్రల్‌లో, అంటే తిరుగు వైరులో వెనక్కి వచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది నిరంతరం పోల్చి చూస్తూ, ఇళ్లలో వాడే రకమైతే 30 మిల్లీఆంపియర్ల తేడా రాగానే సరఫరాను తెంచేస్తుంది. మనలో చాలామంది ఎంసీబీలు (కరెంటు మితిమీరితే వాటంతటవే పడిపోయే స్విచ్చులు) ఉన్నాయి కదా, చాలు అనుకుంటారు. కానీ 230 వోల్టుల కరెంటు తడి చేతుల మనిషి గుండా నేలలోకి పోయేటప్పుడు ప్రవహించేది సుమారు పావు ఆంపియర్, అంటే పాతకాలపు 60 వాట్ల బల్బు తీసుకునేంత. గుండె లయ తప్పడానికి అంతకంటే తక్కువైనా చాలు, 16 ఆంపియర్ల ఎంసీబీ మాత్రం దానికి కదలనైనా కదలదు. వైరు వేడెక్కి ఇల్లు కాలకుండా చూడడం ఎంసీబీ పని. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, దానితో పాటు సరైన ఎర్తింగ్, అంటే లీకైన కరెంటును నేలలోకి పంపే వైరు ఏర్పాటు. ఈ తేడాను రెండు మాటల్లో వివరించలేని వ్యక్తికి మీ ఇంటి డిస్ట్రిబ్యూషన్ బోర్డు అప్పగించకండి.

అర్హత లేని పనివల్ల వచ్చే అసలు చిక్కేమిటంటే, తప్పుగా చేసిన పని కూడా చక్కగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. ఫ్యాను తిరుగుతుంది, ఫ్రిజ్ చల్లబడుతుంది, 'ఎర్త్ లేకపోయినా నడుస్తుంది సార్' అన్న మాట నిజమే అనిపిస్తుంది. ఎర్త్ వైరు లాగడం బద్ధకమై, త్రీ పిన్ సాకెట్టులో న్యూట్రల్ నుంచే ఒక చిన్న ముక్కతో ఎర్త్ పిన్నుకు లూపు కలిపే పద్ధతిని తీసుకోండి. టెస్టర్ పెడితే వెలగదు, కాబట్టి అంతా బాగున్నట్టే తోస్తుంది. ఎప్పుడో ఒకనాడు న్యూట్రల్ వైరు ఎక్కడో ఊడిందంటే, ఇంట్లో వేసి ఉన్న బల్బో ఫ్యానో గుండా వచ్చిన ఫేజు వెనక్కి వెళ్లే దారి లేక, ఆ లూపు ద్వారా వాషింగ్ మెషీన్ ఇనుప ఒంటికి, ఫ్రిజ్ తలుపుకు చేరుతుంది. అప్పుడు మొదట తాకేది ఎవరో మనం చెప్పలేం. ఇంత ప్రమాదకరమైన పనిని రెండు నిమిషాల్లో ముగించి వెళ్లిపోయే వారిని పిలిచి, 'తొందరగా చేశాడు, తక్కువ తీసుకున్నాడు' అని పక్కింటివారికి కూడా సిఫారసు చేస్తున్నాం.

గీజరు పెట్టాక ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందంటే, దాన్ని తీసేసి 32 ఆంపియర్లది బిగించడం ఇంకొక అలవాటు. గోడలో ఉన్నది 1.5 చదరపు మిల్లీమీటర్ల లైటింగ్ వైరే అయినప్పుడు, ఎంసీబీ పడడం ఆగుతుంది గానీ వైరు పైపులోపల ఉడికిపోతూనే ఉంటుంది. ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతోందని దాన్నే తప్పించి వైర్లు నేరుగా కలిపేసిన ఇళ్లనూ చూశాను. ఎక్కడో లీకేజీ ఉందని అది చెబుతోంది. ఏ సర్క్యూట్‌లో ఉందో ఒక్కొక్కటిగా వేరుచేసి, మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ (వైరు తొడుగు) పరీక్షించి వెతకాలి. ఆ ఓపిక, ఆ చదువు ఉన్నవారికే డబ్బు ఇవ్వాలి.

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చి, 2023లో కొత్తగా జారీ చేసిన భద్రతా నిబంధనల ప్రకారం, బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చడంలాంటి చిన్న పనులు మినహా వైరింగ్ పనిని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, అర్హతాపత్రం ఉన్న సూపర్‌వైజరు పర్యవేక్షణలో, పర్మిట్ ఉన్న పనివారే చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఈ లైసెన్సులు, పర్మిట్లు ఇవ్వడానికి ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డులు ఉన్నాయి. ఐటీఐలో రెండేళ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివిన పిల్లలు మన ఊళ్లలోనే ఉన్నారు. చదువు లేకుండా గురువు దగ్గర నేర్చుకుని, మంచి పని చేసేవారూ ఉన్నారని నాకు తెలుసు, వారిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వారు కూడా పర్మిట్ తీసుకునేలా ప్రోత్సహించాలనే నా కోరిక.

తప్పు పనివారిదే అనడం కూడా అన్యాయం. వంటగది గ్రానైటుకు, హాల్లో ఫాల్స్ సీలింగుకు లక్షలు పెట్టే యజమానులే, ఎర్త్ పిట్ తవ్వడానికి అయ్యే ఖర్చు దగ్గర బేరమాడుతున్నారు. పాయింటుకు ఇంత అని గుత్తకు మాట్లాడుకుని, అందులోనూ కోత పెడితే, ఆ కోత చివరకు ఎర్త్ వైరు మీదే పడుతుంది, ఎందుకంటే అది లేకపోయినా ఏ లైటూ ఆగదు.

కొత్త కనెక్షన్ కోసం ఇచ్చే వైరింగ్ టెస్ట్ రిపోర్టు మీద సంతకం పెట్టిన వ్యక్తి నిజంగా మన ఇంటికి వచ్చి పరీక్షించారా అన్నది మొదట మనమే అడగాలి. ఎర్త్ రెసిస్టెన్స్, ఇన్సులేషన్ రీడింగులు అంకెలతో రాసిన ఆ కాగితం నకలు ఒకటి యజమాని దగ్గర ఉండాలి. గోడలో ఏ వైరు ఉందో తెలుసుకునే దారి లేక, మార్చే అధికారమూ లేక పిల్లలతో ఆ ఇంట్లోకి దిగేది అద్దెవారు. అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ రిపోర్టును చూపించమని అడిగితే, ఇంటివారు దాన్ని అవమానంగా భావించకుండా తీసి చూపించాలి.