సవరణ: బీటెక్ ప్లస్ ఎంబీఏ కోర్సు మీద రాసిన పోస్టు గురించి

పోయిన వారం అయిదేళ్ల బీటెక్ ప్లస్ ఎంబీఏ గురించి రాస్తూ, "నచ్చకపోతే నాలుగేళ్లకే బీటెక్ పట్టా తీసుకుని బయటికి రావచ్చు, టెన్షన్ పడక్కర్లేదు" అన్నాను. అది అన్ని చోట్లా నిజం కాదు. ఒక కాలేజీ సీనియర్ చెప్పిన మాటను అందరికీ అంటగట్టాను, తప్పు నాదే.

కోర్సు నిబంధనల పుస్తకం తెరిచి చూస్తే తెలిసింది: మధ్యలో బయటికి వచ్చే వీలు ఉందా, వస్తే ఏ పట్టా ఇస్తారు అన్నది ఏ సంస్థకు ఆ సంస్థ పెట్టుకున్న నియమం. గ్వాలియర్ ట్రిపుల్ఐటీఎం అనే కేంద్ర సంస్థలో ఇలాంటిదే, ఐటీ బీటెక్, ఎంబీఏ కలిపిన కోర్సు ఉంది. ఐఐటీ, ఎన్ఐటీ, ట్రిపుల్ఐటీల సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్ ఆప్షన్ల జాబితాలో దాని పేరు పక్కనే బ్రాకెట్లో '5 ఇయర్స్' అని ఉంటుంది. మా పిన్ని కొడుకు ఆప్షన్లు పెడుతూ ఆ బ్రాకెట్ చూడనే లేదు, నేనూ చూడమనలేదు.

ఇంకొకటి. "క్యాట్ (ఐఐఎంల ఎంబీఏ ప్రవేశ పరీక్ష) రాయకుండా ఎంబీఏ" అని ఆ పోస్టులో నేనన్న మాటను కొందరు ఐఐఎం సీటుతో సమానమని చదువుకున్నారు. నా ఉద్దేశం అది కాదు. విడిగా చదివితే 4 ప్లస్ 2, ఆరేళ్లు. ఇక్కడ ఏడాది మిగులుతుంది, అంతే. పైగా 17 ఏళ్లకే మేనేజ్‌మెంట్ కావాలని తేల్చుకోవాలి. ఉద్యోగం చేశాక చదవాలనుకునేవాళ్లకు వేరే దారులున్నాయి. హైదరాబాద్ బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ, ఎంబీఏ లాంటి తన ఏడాది కోర్సు పీజీపీకి కనీసం 24 నెలల అనుభవం అడుగుతుంది.

పాత పోస్టులో ఆ వాక్యం కొట్టేశాను. ఆప్షన్లు ఇంకా లాక్ చేయనివాళ్లు నిబంధనల్లో 'ఎగ్జిట్' అన్న భాగం వెతికి చదవండి.