శాతాల మ్యాపు పక్కన పెట్టి బంధువుల జాబితా తెరవండి

అమెరికాలో ఉన్న పిల్లలు థాంక్స్‌గివింగ్ సేల్‌లో డీఎన్ఏ కిట్ కొనడం, గొట్టంలో ఉమ్మి నింపి పోస్టు చేయడం, కొన్ని వారాలకు రిపోర్టు రాగానే స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పడేయడం కడప, అనంతపురం ఇళ్ళకు ఇప్పుడు కొత్తేం కాదు. ఆ స్క్రీన్‌షాట్ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. రంగులేసిన మ్యాపు, పక్కన శాతాలు: దక్షిణ భారతం ఇంత, ఉత్తర భారతం ఇంత, మధ్య ఆసియా రెండు, ఎక్కడిదో ఇంకొకటి. వెంటనే ఒక పెదనాయన "నేనెప్పుడో చెప్పింటి గదా, మనోళ్ళు ఉత్తరం నుంచి దిగొచ్చినోళ్ళని" అంటాడు, ఇంకొకాయన ఆ రెండు శాతం పట్టుకుని పర్షియా దాకా వెళ్తాడు, రాత్రి దాకా ఇదే గోల.

సూటిగా చెప్తాను. రిపోర్టులో అందరూ చూసే ఆ పేజీయే అన్నింటికన్నా బలహీనమైంది. పెద్దగా ఎవరూ తెరవని పేజీ ఒకటుంది, మీ డీఎన్ఏతో ఎవరెవరి డీఎన్ఏ కలిసిందో చెప్పే బంధువుల జాబితా, అసలు సరుకంతా అక్కడుంది. కాకపోతే దాని లెక్కలు మేనరికాలు లేని కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని కట్టినవి కాబట్టి రాయలసీమ వాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు చదివితే బోల్తా పడతారు.

ముందు శాతాల సంగతి తేల్చేద్దాం. మనిషి జన్యుపటంలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. ఈ కిట్లు చాలావరకు అందులో ఆరేడు లక్షల చోట్ల మాత్రమే చదువుతాయి. చదివి, తమ దగ్గర డేటా ఉన్న మనుషుల్లో మీరు ఎవరికి దగ్గరగా ఉన్నారో అంచనా కడతాయి. అంటే ఆ శాతం మీ ముత్తాత ఎక్కడ పుట్టాడో చెప్పదు, ఈ రోజున ఆ కంపెనీ డేటాబేసులో ఉన్న ఎవరిని మీరు పోలి ఉన్నారో చెబుతుంది. డేటాబేసు మారితే శాతమూ మారుతుంది, మీ ఉమ్మి అదే అయినా. ఈ ఏడాది కనిపించిన మధ్య ఆసియా వచ్చే అప్‌డేట్‌లో మాయమైతే కంగారు పడకండి, ఒకటీ రెండు శాతాలు చాలాసార్లు లెక్కలో వచ్చే పొరపాటే.

మరి ఆ డేటాబేసుల్లో తెలుగువాళ్ళెవరు? ప్రపంచమంతా వాడే బహిరంగ డేటాల్లో 1000 జీనోమ్స్ ప్రాజెక్టు పెద్ద పేరున్నది. 2015లో పూర్తయిన దాని మూడో దశలో 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది ఉన్నారు. అందులో తెలుగువాళ్ళంటూ ఒక వంద మంది చిల్లర ఉన్నారు, వాళ్ళ శాంపిళ్ళు తీసుకున్నది బ్రిటన్‌లో. కర్నూల్లోనూ కాదు, కాకినాడలోనూ కాదు. కంపెనీలు ఇలాంటి డేటాకి తమ కస్టమర్ల డేటా కలుపుకుంటాయనుకోండి, ఆ కస్టమర్లయినా ఎవరు, డాలర్లు పెట్టి కిట్ కొనగలిగినవాళ్ళే కదా. ఇలాంటి పునాది మీద మడకశిర వాళ్ళకీ మచిలీపట్నం వాళ్ళకీ తేడా చెప్పమంటే అది ఏం చెబుతుంది?

ఇక "ఉత్తరం" గొడవ. 2009లో హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి నేచర్ పత్రికలో ఒక పరిశోధన అచ్చువేశారు. భారతదేశంలోని అత్యధిక సమూహాలు రెండు పాత జనాల కలయిక అని, వాటిలో పశ్చిమ యూరేషియాకు దగ్గరగా ఉండే "ఉత్తర" జనం వాటా సమూహాన్ని బట్టి 39 నుంచి 71 శాతం దాకా ఉందని అందులో తేల్చారు. 2013లో మళ్ళీ లెక్కగట్టి ఆ కలయిక ఇప్పటికి సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి మధ్యకాలంలో జరిగిందన్నారు. కాబట్టి పెదనాయన గారు గర్వంగా చూపించే ఆ "ఉత్తరం" ఆయన పొలంలో కూలికి వచ్చేవాళ్ళలోనూ ఉంటుంది, కొంచెం ఎక్కువో తక్కువో.

హాప్లోగ్రూపు, అంటే తండ్రి గీతకో తల్లి గీతకో రిపోర్టు పెట్టే పేరు, దాని విషయంలోనూ ఇదే తంతు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ మీద ఆర్1ఏ అని రాగానే కొందరికి ఒళ్ళు పులకరిస్తుంది, తాము ఆర్యులమని తేలిపోయినట్టే. ఆంధ్రలోని చెంచుల మీద, కోయల మీద 2003లో ఒక అధ్యయనం అచ్చయింది. మన ఆత్మకూరు దాటితే నల్లమలలో కనిపించే ఆ చెంచుల్లో కూడా ఆర్1ఏ దొరికింది. పైగా వై అనేది ఒక్క గీత. పది తరాలు వెనక్కి పోతే వంశవృక్షంలో 1,024 స్థానాలుంటాయి, వై చెప్పేది అందులో ఒక్కాయన గురించే. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా ఇంకొక్కామె గురించి చెబుతుంది. మిగతా 1,022 మంది మాటేమిటి?

గోత్రంతో, ఇంటిపేరుతో వై గీతని సరిపోల్చి చూద్దామనుకునేవాళ్ళు ఇల్లటం సంగతి మర్చిపోతుంటారు. మగపిల్లలు లేని ఇంట్లో అల్లుణ్ణి ఇల్లటం తెచ్చుకుని పొలం అప్పజెప్పడం కర్నూలు, బళ్ళారి ప్రాంతపు రైతు కుటుంబాల్లో ఎంత పాతుకుపోయిన ఆచారమంటే, మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలోనే కోర్టులు దాన్ని గుర్తించి తీర్పులిచ్చాయి. ఇల్లూ పొలమూ ఏడు తరాలుగా ఒకే కుటుంబానివి కావచ్చు, వై గీత మాత్రం మధ్యలో వేరే ఊరి నుంచి వచ్చి ఉంటుంది. దత్తతలు సరేసరి. అందులో రహస్యమేమీ లేదు, ఊరంతటికీ తెలిసి జరిగినవే. మనవళ్ళకు చెప్పేవాళ్ళు లేకపోవడమే.

ఇప్పుడు అసలు పేజీకి వద్దాం.

బంధువుల జాబితాలో పేరు పక్కన సెంటీమోర్గాన్లలో ఒక అంకె ఉంటుంది. ఇద్దరి మధ్య ఎంత డీఎన్ఏ ఉమ్మడిగా ఉందో చెప్పే కొలత అది. తల్లికీ బిడ్డకీ మధ్య 3,400 పైచిలుకు. అన్నదమ్ముల పిల్లల మధ్య సగటున 850 చుట్టుపక్కల, శాతంలో చెప్పాలంటే 12.5. ఈ అంకెను చూసి సాఫ్ట్‌వేర్ బంధుత్వానికి పేరు పెడుతుంది. మనం తన్నుకులాడేది ఇక్కడే.

ఒక అబ్బాయి తల్లిదండ్రులది మేనమామ పెళ్ళి అనుకోండి. నాయన, అమ్మకు సొంత మేనమామ. నాయనకి ఒక తమ్ముడున్నాడు. అబ్బాయికి ఆయన చిన్నాయన, అమ్మ వైపు నుంచి చూస్తే అమ్మకు మేనమామ కూడా. చిన్నాయనగా 25 శాతం, అమ్మ మేనమామగా ఇంకో 12.5, మొత్తం సగటున 37.5 శాతం. సొంత అన్నదమ్ములకుండే 50కీ, తల్లో తండ్రో వేరైన అన్నదమ్ములకుండే 25కీ సరిగ్గా నడిమధ్య. మామూలు పట్టికల్లో ఆ అంకెకు చిన్నాయన అనే పేరు లేదు. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆయన్ని అబ్బాయికి అన్నగానో తమ్ముడిగానో చూపించే ప్రమాదం ఉంది, ఇక అక్కణ్ణుంచి అనుమానం ఎక్కడికి పోతుందో, ఎప్పుడో పోయిన అబ్బ మీద ఎన్ని మాటలు పడతాయో నేను రాయక్కర్లేదు. నిజానికి అక్కడ జరిగిందల్లా పెద్దలు కుదిర్చి పందిరేసి చేసిన పెళ్ళి. వంశవృక్షంలో ఆ అబ్బ రెండుచోట్ల కూర్చుంటాడు: నాయన వాళ్ళ నాయనగా ఒకసారి, అమ్మమ్మ వాళ్ళ నాయనగా ఇంకోసారి.

మేనత్త కొడుకుతోనో మేనమామ కొడుకుతోనో జరిగిన పెళ్ళిళ్ళలో ఇంత తేడా రాదు గానీ వస్తుంది. తల్లిదండ్రులు మేనరికమైతే మేనత్త పిల్లలతో కలిసే డీఎన్ఏ 12.5 బదులు 15.6 శాతం దగ్గరికి పోతుంది. ఆ మేనత్తదీ మేనరికమైతే ఇంకాస్త. దగ్గరి బంధువుల దగ్గర దీన్ని సర్దుకోవచ్చు, ఎవరెవరో మనకు తెలుసు కాబట్టి. ఇబ్బందంతా దూరపు వాళ్ళ దగ్గర. తరతరాలుగా ఒకే కులంలో, పది ఇరవై ఊళ్ళ మధ్యే ఇచ్చిపుచ్చుకున్న కుటుంబాల్లో ఏ ఇద్దర్ని తీసుకున్నా పాత తరాల్లో లెక్కలేనన్ని చోట్ల కలుస్తారు. అవన్నీ కూడితే 80, 90 సెంటీమోర్గాన్లు తేలి, సాఫ్ట్‌వేర్ దాన్ని థర్డ్ కజిన్, అంటే నాలుగు తరాల వెనక ఒకే పూర్వీకుడున్న బంధువు అని చూపిస్తుంది. మీరేమో జమ్మలమడుగులో నాలుగు తరాల వెనక ఆ ఉమ్మడి పూర్వీకుడి కోసం వెతుకుతూ కూర్చుంటారు. ఆయన లేడు.

దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది. మొత్తం అంకె కాదు, ఉమ్మడిగా ఉన్న డీఎన్ఏ ముక్కల్లో అన్నింటికన్నా పొడవైనది ఎన్ని సెంటీమోర్గాన్లో చూడండి. మొత్తం 90లో ఒకే ముక్క 45, 50 ఉంటే ఉమ్మడి పూర్వీకుడు దగ్గర్లోనే ఉన్నాడు, వెతకండి. అదే 90 ఎనిమిదీ తొమ్మిదీ సైజు చిల్లర ముక్కలన్నీ కలిపి వచ్చిందైతే అది పాత ఇచ్చిపుచ్చుకోళ్ళ మూట, వదిలేయండి. 7 కంటే చిన్న ముక్కల్ని అసలు నమ్మొద్దు. జెడ్‌మ్యాచ్ అనే సైట్‌లో ముడి డేటా ఎక్కిస్తే మీ తల్లిదండ్రులు ఒకరికొకరు బంధువులా కాదా చెప్పే సాధనం కూడా ఉంది. ముందు అది చూసుకుని జాబితా తెరిస్తే సగం అయోమయం తగ్గుతుంది.

ఎవరికి టెస్టు చేయించాలంటే మనవడికి కాదు, జేజికి. తరం దిగే కొద్దీ సగం డీఎన్ఏ రాలిపోతుంది, అన్నదమ్ములకే వేర్వేరు సగాలు వస్తాయి. నలుగురు మనవళ్ళ నాలుగు కిట్ల కంటే ఇంట్లో బతికున్న పెద్దావిడ ఒక్క కిట్ ఎక్కువ చెబుతుంది. అయితే ఉమ్మి తీయడానికి ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. పొద్దున్నుంచీ ఆకూవక్క దవడన పెట్టుకునే మనిషితో ఆ అరగంట గడపడం మీ ఓపిక. నోరు ఎండిపోయే వయసు కాబట్టి ఆ గొట్టం గీత దాకా నిండటానికీ టైమ్ పడుతుంది, కంగారు పెట్టకండి. ముఖ్యంగా అది దేనికో ఆమెకు అర్థమయ్యేలా చెప్పి, సరేనంటేనే.

ఎందుకంటే ఈ జాబితా చెప్పకూడనివీ చెబుతుంది. నాయన అనుకున్నాయన అంకె 3,400 ఉండాల్సింది సున్నా వస్తే దానికి మేనరికం సాకు లేదు. మేనరికం అంకెలను పెంచుతుంది తప్ప తగ్గించదు. ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే ఏది నిజంగా విషయమో, ఏది లెక్కల గందరగోళమో తెలుస్తుంది. అయినా అలాంటి ఫలితాన్ని గ్రూపులో పెట్టేవాణ్ణి మాత్రం నేను క్షమించను.

ఇన్ని తరాల ఒకే కులపు పెళ్ళిళ్ళ వల్ల జాబితా గజిబిజి కావడం చిన్న విషయం, అసలు ఖర్చు ఆసుపత్రిలో తేలుతుంది. 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన పరిశోధన దక్షిణాసియాలో 263 సమూహాలను చూసి, 81 సమూహాల్లో ఈ ఇరుకు, అంటే అందరూ కొద్దిమంది పూర్వీకుల నుంచే రావడం, ఫిన్‌లాండ్ వాళ్ళకంటే, అష్కెనాజీ యూదులకంటే ఎక్కువగా ఉందని చెప్పింది. అందులో వైశ్యుల ప్రస్తావన ఉంది. వాళ్ళలో సూడోకోలినెస్టరేస్ అనే ఎంజైము లోపం మిగతావాళ్ళకంటే బాగా ఎక్కువ, అది ఉన్నవాళ్ళకి ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి వాడే సక్సినైల్‌కోలిన్ ఇస్తే నిమిషాల్లో వదలాల్సిన మందు ప్రభావం గంటలు పట్టి ఊపిరికి ఇబ్బందవుతుంది. ప్రొద్దుటూరులో వైశ్యుల అమ్మవారిశాల దసరాకి ఊరంతా కదిలే చోట ఈ సంగతి ఎంతమందికి తెలుసు? దీనికి పూర్వీకుల కిట్ అక్కర్లేదు, మామూలు రక్తపరీక్ష ఉంది. ఇంట్లో ఎవరికైనా మత్తు ఆలస్యంగా వదిలిన చరిత్ర ఉంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పడం మరీ తేలిక.

డేటా సంగతి రెండు ముక్కల్లో. 2023లో డీఎన్ఏ కిట్లు అమ్మే 23అండ్‌మీ కంపెనీలో దొంగలు వేరే సైట్లలో లీకైన పాస్‌వర్డ్‌లతో తెరిచింది సుమారు 14 వేల ఖాతాలే, బయటపడింది సుమారు 69 లక్షల మంది వివరాలు, ఈ బంధువుల జాబితా దారినే. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మన దగ్గర పోలీసులు, కోర్టులు డీఎన్ఏ వాడకానికి నిబంధనలు పెట్టే బిల్లును 2023లో కేంద్రం వెనక్కి తీసుకుంది. అదే ఏడాది వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జన్యు సమాచారానికంటూ ప్రత్యేక వర్గం లేదు. కాబట్టి పని అయ్యాక ముడి డేటా దించుకుని, శాంపిల్ నాశనం చేయమని అడిగి, ఖాతా తీసేయడమే నయం.

జాబితాలో పొడవైన ముక్కతో ఎవరైనా కలిశారంటే అక్కణ్ణుంచి డీఎన్ఏ పని అయిపోయింది, కాగితాల పని మొదలవుతుంది. ఆ ఇద్దరి పెద్దల ఊళ్ళు కనుక్కోవాలి, ఇనాం రిజిస్టర్లు, పాత సర్వే రికార్డులు తిరగెయ్యాలి, మెకంజీ దొర సేకరించిన కడప కైఫీయత్తుల్లో, అంటే పాత ఊరి చరిత్రల్లో, ఆ ఊరి పుట్టుక చూడాలి. రెడ్ల ఇళ్ళకు వచ్చి ఇంటిపేర్లూ గోత్రాలూ పాడే పిచ్చుకుంట్ల వాళ్ళు ఇంకా ఎక్కడైనా ఉంటే వాళ్ళకి కబురు పెట్టాలి. ఇంట్లో జేజి చెప్పే ధాత కరువు నాటి వలసలు కూడా రాసుకోండి. 1876లో మొదలైన ఆ కరువులో కదిలిన కుటుంబాలు కొన్ని తిరిగి పాత ఊళ్ళకు రాలేదు. ఇంకోటి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం వైపు వాళ్ళు పాత దస్తావేజుల కోసం కర్నూలు, అనంతపురం కార్యాలయాల్లోనే తిరిగితే సగమే దొరుకుతుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఆ తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉన్నాయి, అక్కడా అడగండి.