కార్డు మిషన్ "మీ కరెన్సీలో కడతారా" అంటే వద్దనే చెప్పండి

విదేశంలో ఒక హోటల్లో చెకౌట్ చేస్తున్నా, రిసెప్షన్‌లో అతను నన్ను అడక్కుండానే మిషన్‌లో ఏదో నొక్కేసి స్లిప్ చేతిలో పెట్టాడు, తీరా చూస్తే బిల్లు అక్కడి కరెన్సీలో లేదు, నా దేశం కరెన్సీలో ఉంది. ఇదేంటండీ అంటే మీ సౌకర్యం కోసమే అన్నాడు. ఎవరి సౌకర్యం అసలు? క్యాన్సిల్ చేయించి మళ్లీ లోకల్ కరెన్సీలో స్వైప్ చేయించుకున్నా, వెనక లైన్లో వాళ్లు విసుక్కున్నారు, అయినా వదల్లేదు.

దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. లోకల్ కరెన్సీలో కడితే రేటు వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ వాళ్లది, అది మార్కెట్ రేటుకి దగ్గర్లోనే ఉంటుంది, పైన మన బ్యాంకు ఫీజు ఏమైనా ఉంటే అది. మన కరెన్సీలో కడతాం అన్నామా, రేటు పెట్టేది షాపు వెనకున్న పేమెంట్ కంపెనీ, తన మార్జిన్ వేసుకునే పెడుతుంది, చాలాచోట్ల అందులో షాపుకీ వాటా ఉంటుంది, ఇంత జరిగాక కూడా కొన్ని బ్యాంకులు ఫారిన్ ట్రాన్సాక్షన్ ఫీజు విడిగా లాగుతాయి. యూరోపియన్ యూనియన్ 2019లో దీనికి రూలే తేవాల్సి వచ్చింది, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు చెప్పే మారకం రేటు మీద ఎంత శాతం ఎక్కువ వేస్తున్నారో కట్టేముందే చూపించాలని, 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. చూపిస్తే సరిపోతుందా అండీ, అలసిపోయి దిగినవాళ్లు ఆ చిన్న అక్షరాలు ఎక్కడ చదువుతారు?

ఏటీఎంలో ఇంకా ఘోరం. ఒప్పుకుంటాను అనే బటన్ పెద్దగా కనబడుతుంది, వద్దు అంటే డబ్బులు రావేమో అనిపించేలా రాస్తారు. వస్తాయి. కన్వర్షన్ వద్దు అని నొక్కినా నోట్లు వస్తాయి, లెక్క మన బ్యాంకు చూసుకుంటుంది. క్రెడిట్ కార్డుతో మాత్రం క్యాష్ తీయకండి, మామూలుగా వడ్డీ ఆ రోజు నుంచే మొదలు.

ఇక ఎయిర్‌పోర్టులో "జీరో కమిషన్" బోర్డు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొనే రేటు 90, అమ్మే రేటు 110 అని రాసుంటే కమిషన్ లేనట్టా? 110 ఇచ్చి తీసుకున్న నోటుని ఆ కిటికీలోనే వెంటనే తిరిగిచ్చేస్తే 90 చేతిలో పెడతాడు, 20 పోయింది. అందుకే నేను కమిషన్ ఎంత అని అడగడం మానేశా, ఇంత ఇస్తే మొత్తం చేతికి ఎంత వస్తుంది అని అడిగి, ఫోన్లో ఆరోజు మార్కెట్ రేటు పక్కన పెట్టి చూసుకుంటా.

మిగిలిన నోట్లు కూడా మళ్లీ ట్రిప్‌కి పనికొస్తాయిలే అని ఏళ్ల తరబడి దాచకండి. బ్రిటన్‌లో కాగితపు 20, 50 పౌండ్ల నోట్లు 2022 సెప్టెంబర్ 30 తర్వాత షాపుల్లో చెల్లడం ఆగిపోయాయి. చిల్లర నాణేలైతే చాలా కౌంటర్లు ముట్టుకోవు, అక్కడే ఖర్చుపెట్టేసి రండి.

మొన్న ఒక ఏటీఎం దగ్గర నా ముందు ఒక పెద్దావిడ స్క్రీన్ చూసి కంగారుపడి ఒప్పుకుంటాను అనే నొక్కేశారు, నేను నోరు తెరిచేలోపే అయిపోయింది. మీ అమ్మానాన్నలు మొదటిసారి వెళ్తుంటే ఫ్లైట్ ఎక్కేముందే ఆ స్క్రీన్ ఎలా ఉంటుందో, ఏది నొక్కాలో కూర్చోబెట్టి చెప్పండి, ప్లీజ్.