ఆ నల్ల గుడ్డ వాస్తు దోషం కాదు బాబూ

నిన్న సాయంత్రం అమెరికాలో జార్జియాలోని కమ్మింగ్‌లో, మేం ఇళ్లు కడుతున్న సైట్‌లో ఒక మహానుభావుడు సిల్ట్ ఫెన్స్ (మట్టి వాననీటితో కొట్టుకుపోకుండా కట్టే నల్ల గుడ్డ కంచె) పీకి పక్కన పడేశాడు. గృహప్రవేశం ఫొటోల్లో ఇంటి వెనక నల్ల గుడ్డ కనిపిస్తే బాగుండదట! మన తెలుగాయనే, వేరే చెప్పాలా?

రాత్రి వాన దంచింది. తెల్లారేసరికి వెనక లాట్లలోని జార్జియా ఎర్రమట్టి రోడ్డెక్కి, వాననీటి గ్రేటింగ్‌లోకి దిగుతోంది. వాన అర అంగుళం దాటితే 24 గంటల్లోపు సైట్ తనిఖీ చేయాలి. ఆదివారం పొద్దున్నే బూట్లేసుకుని బురదలో దిగింది ఎవరు? ఈ పనికి సర్టిఫికెట్ కార్డున్న పాపానికి నేను.

"గుడ్డే కదండీ, మళ్లీ కట్టుకోండి" అన్నాడు. చేతిలో పులిహోర ప్లేటు. (నాకూ పెట్టాడు. పులిహోర బాగుంది, అది వేరే సంగతి.)

గుడ్డేనట! 6 అంగుళాల లోతు తవ్వి, అంచు అందులో పాతి, మట్టి పోసి గట్టిగా తొక్కితేనే అది ఆగుతుంది. లేదంటే నీళ్లు కిందినుంచి దూరిపోతాయి. బురద ఫెన్స్ సగం ఎత్తుకు చేరితే ఎత్తిపోయాలి. ఇవన్నీ నేర్పి, పరీక్ష పెట్టి మరీ కార్డిస్తారు ఇక్కడ. మూడేళ్లకోసారి మళ్లీ క్లాసులో కూర్చోవాలి. దీనికి ఈ రాష్ట్రంలో 1975లోనే చట్టం వచ్చింది. జరిమానా రోజుకు 2,500 డాలర్ల దాకా, అదీ మా నెత్తినే. ఆ బురద పోయేది లేనియర్ సరస్సులోకి. సారు ఫిల్టర్ కాఫీకి నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయనుకుంటున్నారో మరి!

హైదరాబాద్‌లో టిప్పర్లు సెల్లార్ మట్టిని రోడ్డంతా రాల్చుకుంటూ పోతే వీడియో తీసి "ఇండియా మారదు" అని పెట్టేదీ వీళ్లే.

అక్కడితో ఆగాడా? "ఇంకా సివిల్లోనేనా? ఏదైనా డేటా కోర్సు చేయొచ్చుగా?" పదిహేనేళ్లుగా ప్రతి పుట్టినరోజు పార్టీలో ఇదే ప్రశ్న. మా బావగారైతే పెళ్లిచూపుల్లోనే మొదలుపెట్టారు. "మట్టి పనికి కూడా సర్టిఫికెట్టా?" అని నవ్వారు. ఆయన ఆరు నెలలకో క్లౌడ్ సర్టిఫికెట్ తెచ్చుకుని లింక్డ్‌ఇన్‌లో దండేసి పెడితే మాత్రం మేమంతా చప్పట్లు కొట్టాలి. మీ సర్వర్లు పెట్టిన బిల్డింగు కింద మట్టి ఎవరు ఆపారు స్వామీ?

మళ్లీ మబ్బు పట్టింది. మనుషుల్ని పిలిపించి ఫెన్స్ కట్టిస్తుంటే ఇప్పుడే ఆ గృహప్రవేశం ఆయన ఫోన్: "వ్రతం అయ్యేదాకా ఆగుతారా? డ్రోన్ షాట్ ఒక్కటి మిగిలింది."